తోకచుక్కల జాడ చెప్పే హొరైజన్స్: ఏళ్ల తరబడి వాడాక ఒక సమీక్ష

ఒక తోకచుక్క ఫలానా రాత్రి ఆకాశంలో ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు గురుత్వాకర్షణ లెక్కలు జవాబు చెబుతాయి. అది ఎంత కాంతితో కనిపిస్తుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు దాని కేంద్రకంలోని మంచు, ధూళి ఎండకు ఎలా స్పందిస్తాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 2020 జులైలో నియోవైజ్ తోకచుక్క వచ్చినప్పటి నుంచి ఈ రెండింటికీ నేను హొరైజన్స్‌ను వాడుతున్నాను. ఇది అమెరికాలోని పాసడీనాలో ఉన్న జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ నడుపుతున్న ఉచిత సేవ; ఖాతా తెరవనక్కర్లేదు. స్థానం విషయంలో దీన్ని నిశ్చింతగా నమ్మవచ్చు. ప్రకాశం విషయంలో మాత్రం ఇదిచ్చే అంకెను మరొక చోట సరిచూసుకోకుండా వాడకూడదు.

మొదటిసారి తెరిచినవారికి ఇది నిరుత్సాహం కలిగించవచ్చు. బొమ్మలు లేవు, ఆకాశపటం లేదు, వచ్చేదంతా అంకెల పట్టిక. తోకచుక్క పేరు, పరిశీలకుడు ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలు, మొదటి తేదీ, చివరి తేదీ, ఎన్ని నిమిషాలకొక వరుస కావాలో ఇస్తే చాలు. కాలాన్ని మామూలుగా విశ్వ సమయంలో (గ్రీనిచ్ సమయంలో) చూపుతుంది కాబట్టి, మన సమయం కావాలంటే 5 గంటల 30 నిమిషాలు కలపమని అమరికల్లో ముందే చెప్పుకోవాలి. పగటి వరుసలను, తోకచుక్క క్షితిజానికి మరీ దగ్గరగా ఉన్న వరుసలను వదిలేయమని కూడా అడగవచ్చు. హేలీ వంటి ఆవర్తన తోకచుక్క పేరు ఇస్తే గతంలో అది వచ్చిన ప్రతిసారికీ ఒక్కొక్క నమోదు చొప్పున పెద్ద జాబితా ఎదురవుతుంది. అందులో మనకు కావలసిన కాలానికి దగ్గరి దాన్ని ఎంచుకోవాలి.

పట్టికలో నాకు అత్యంత ఇష్టమైనవి ఒకటి రెండు అక్షరాల చిన్న గుర్తులు. తేదీ పక్కన నక్షత్రపు గుర్తు ఉంటే పగలు, సీ అంటే సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీల లోపు దిగువన ఉన్న సంధ్య, ఎన్ అంటే 12 డిగ్రీల వరకు, ఏ అంటే 18 డిగ్రీల వరకు. ఏ గుర్తూ లేకపోతే పూర్తి చీకటి. చంద్రుడు పైన ఉంటే ఆ పక్కనే చిన్న ఎమ్ కనిపిస్తుంది. సూర్యుడి నుంచి కోణీయ దూరం చూపే నిలువు వరుసలో టీ ఉంటే తోకచుక్క సాయంకాలపు ఆకాశంలో ఉన్నట్లు, ఎల్ ఉంటే తెల్లవారుజామున ఉదయిస్తున్నట్లు. నేను ఉండేది విశాఖపట్నంలో. ఇక్కడ తూర్పున సముద్రం, పడమట కొండలు. కాబట్టి ఎల్ కనిపిస్తే బీచ్ రోడ్డుకు, టీ కనిపిస్తే ఊరి బయట పడమటి దిక్కు విశాలంగా తెరుచుకున్న చోటికి వెళ్లాలని ఆ ఒక్క అక్షరమే చెప్పేస్తుంది. 2024 సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మొదటి రోజుల వరకు తెల్లవారుజామున, ఆ తరువాత అక్టోబరు రెండో వారం నుంచి సాయంత్రాలు కనిపించిన సుచిన్‌షాన్–అట్లాస్ తోకచుక్క విషయంలో ఎల్ పోయి టీ రావడం పట్టికలో ఎన్నో వారాల ముందే చూసి, రెండు పూటలకూ రెండు చోట్లు ఎంచి పెట్టుకోగలిగాను.

స్థానాన్ని నమ్మవచ్చని అనడానికి కారణాలున్నాయి. హొరైజన్స్ గ్రహాల గురుత్వ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకుంటూ కక్ష్యను అంచెలంచెలుగా ముందుకు నడుపుతుంది. తోకచుక్క నుంచి చిమ్మే వాయువు దాన్నే కొంచెం వెనక్కి నెడుతుంది. పరిశీలనల్లో ఆ ప్రభావం తేలిన తోకచుక్కలకు దాన్ని కూడా కలుపుతుంది. అన్నిటికంటే విలువైనది, స్థానంలో ఎన్ని ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3600వ వంతుల) వరకు పొరపాటు ఉండవచ్చో కూడా కోరితే చూపుతుంది. కొత్తగా కనుగొన్న తోకచుక్కకు ఆ అంకె పెద్దదిగా ఉండి, పరిశీలనలు పెరిగేకొద్దీ తగ్గుతూ రావడం గమనిస్తే కక్ష్య ఎలా నిర్ధారణ అవుతుందో ఏ పాఠమూ చెప్పనంత స్పష్టంగా అర్థమవుతుంది.

ఇంటర్నెట్ అందని చోట్ల, పిల్లలకు ఆకాశం చూపించేటప్పుడు నేను తెరపై ఆకాశపటాన్ని చూపే స్టెల్లేరియం అనే ప్రోగ్రామును వాడతాను. గ్రహశకలాల, తోకచుక్కల పరిశీలనలను సేకరించే మైనర్ ప్లానెట్ సెంటర్ ప్రచురించే కక్ష్యా మూలకాలను, అంటే కక్ష్య ఆకారాన్నీ దిశనూ చెప్పే అంకెలను, అందులోకి తెచ్చుకోవచ్చు. అయితే అది ఒక తేదీ నాటి మూలకాలతో సూర్యుణ్ణి, తోకచుక్కను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది కనుక, నెలలు గడిచేకొద్దీ చూపే చోటు నెమ్మదిగా జరిగిపోతుంది. ప్రతి పరిశీలనకు ముందు మూలకాలను తాజా చేసుకుంటే బైనాక్యులర్స్‌కు అది చాలు.

ఇక ప్రకాశం. పట్టికలో టీ-మ్యాగ్ అని కనిపించేది తోకచుక్క మొత్తం కాంతి అంచనా. ప్రకాశాన్ని కొలిచే ఈ మాగ్నిట్యూడ్ అంకె తగ్గేకొద్దీ కాంతి ఎక్కువ. ఆ అంకె వెనక ఉన్నది ఒక చిన్న సూత్రం: ఒక స్థిర సంఖ్యకు భూమి నుంచి దూరపు లాగరిథమ్‌ను 5తో, సూర్యుడి నుంచి దూరపు లాగరిథమ్‌ను ఆ తోకచుక్కకే చెందిన ఒక గుణకంతో హెచ్చించి కలుపుతారు. గుణకం 10 అనుకుంటే, సూర్యుడికి దూరం సగమైనప్పుడు కాంతి సుమారు 16 రెట్లు పెరుగుతుంది. భూమికి దూరం సగమైతే పెరిగేది 4 రెట్లే. చిక్కంతా ఆ గుణకంలోనే ఉంది. సుచిన్‌షాన్–అట్లాస్ పరిహేళి (కక్ష్యలో సూర్యుడికి అతి దగ్గరి చోటు) దూరం 0.39 ఖగోళ యూనిట్లు; భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం 1 యూనిట్. 1 యూనిట్ దూరం నుంచి అక్కడికి వచ్చేలోగా గుణకం 10కి బదులు 8 అని తేలితే, చివరి కాంతి ముందు అనుకున్న దాంట్లో సగం కూడా ఉండదు. సూర్యుడికి దూరంగా ఉన్నప్పుడు తీసిన గుణకం దగ్గరికి వచ్చాక కూడా చెల్లుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

పైగా ఈ సూత్రంలో కాంతి వెదజల్లే కోణానికి చోటు లేదు. 2024 అక్టోబరు 9 ప్రాంతంలో ఆ తోకచుక్క దాదాపుగా మనకూ సూర్యుడికీ మధ్యకు వచ్చింది; ధూళి సూర్యకాంతిని ముందుకు వెదజల్లడంతో అది సూర్యుణ్ణి గమనించే సోహో వ్యోమనౌక కెమెరాలో ధగధగలాడింది. ఈ మెరుపు టీ-మ్యాగ్‌లో కనబడే అవకాశమే లేదు. అదే ఏడాది జులైలో, ఇది పరిహేళికి ముందే ముక్కలైపోతుందని తోకచుక్కల అధ్యయనంలో దిట్ట అయిన జెడెనెక్ సెకానినా అంచనా వేశారు. అది చెక్కు చెదరకుండా సెప్టెంబరు 27న పరిహేళిని దాటింది. 2020లో సీ/2019 వై4 అట్లాస్ అనే మరో తోకచుక్క కథ దీనికి తిరగబడింది: మార్చిలో శరవేగంగా ప్రకాశిస్తూ వచ్చి, ఏప్రిల్‌లో ముక్కలైంది. 12పీ పాన్స్–బ్రూక్స్ తోకచుక్క అయితే 2023 జులై 20న ఉన్నట్టుండి సుమారు 5 మాగ్నిట్యూడ్లు, అంటే 100 రెట్లు ఎగసింది. ఇవన్నీ ఎంత మంచి కక్ష్యా లెక్కకైనా అందనివే.

అందుకే హొరైజన్స్ పక్కన కాబ్స్ అనే తోకచుక్కల పరిశీలనల వెబ్‌సైటు కూడా తెరిచి ఉంచుతాను. స్లొవేనియాలోని ఒక వేధశాల నిర్వహించే ఈ భాండాగారానికి ప్రపంచమంతటి పరిశీలకులు తమ అంచనాలు పంపుతారు. ప్రతి అంచనాతో పాటు వాడిన పరికరం, కోమా (కేంద్రకం చుట్టూ ఉండే వాయువు, ధూళి మేఘం) వ్యాసం, నడి భాగం ఎంత చిక్కగా ఉందో 0 నుంచి 9 వరకు ఒక అంకె నమోదవుతాయి. వాటన్నిటినీ చుక్కలుగా గీసిన రేఖాచిత్రాన్ని టీ-మ్యాగ్‌తో పోలిస్తే, తోకచుక్క లెక్కను అనుసరిస్తోందా, మించిపోతోందా, వెనకబడుతోందా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది.

నా 10×50 బైనాక్యులర్స్‌తో నేనూ అంచనా కడతాను. తోకచుక్కను స్పష్టంగా చూసి దాని కాంతిని మనసులో నిలుపుకుని, ఫోకస్ మార్చి చుట్టుపక్కల తెలిసిన నక్షత్రాలను అదే వ్యాసానికి ఉబ్బేలా చేసి, ఏ రెండు నక్షత్రాల మధ్య అది పడుతుందో చూడాలి. ఓపిక కావలసిన పని ఇది. అక్టోబరు తోకచుక్కలా క్షితిజానికి పది డిగ్రీల ఎత్తులో ఉన్నదానికి మన సముద్ర తీరపు తేమ గాలి ఒక మాగ్నిట్యూడ్‌కు పైగానే కాంతిని మింగేస్తుంది. కాబట్టి పోల్చే నక్షత్రం కూడా అదే ఎత్తులో ఉండి తీరాలి.

హొరైజన్స్‌లో లోపాలు లేకపోలేదు. సంక్షిప్త పదాలన్నీ ఆంగ్లంలోనే ఉంటాయి, పట్టిక ఫోన్ తెరలో ఇమడదు. ఆకాశం చూడటం అప్పుడే మొదలుపెట్టినవారు స్టెల్లేరియంతో ఆరంభించి, టెలిస్కోపు కొన్నాకనో ఫొటోలు తీయడం మొదలయ్యాకనో ఇటు రావడం మేలు. ప్రోగ్రాములు రాయగలవారికి మాత్రం దీన్ని నేరుగా ప్రశ్నించే మార్గం ఉంది. రోజూ ఉదయం ఆ రాత్రి పట్టిక దానంతటదే వచ్చేలా పెట్టుకోవచ్చు, నేను అలాగే పెట్టుకున్నాను. హొరైజన్స్‌ను నడిపేవారు మార్చాలని నేను గట్టిగా కోరుకునేది ఒక్కటే. స్థానానికి ఎంత పొరపాటు ఉండవచ్చో అంత శ్రద్ధగా చూపుతున్నవారు, ప్రకాశపు అంకె పక్కన కూడా ఆ గుణకాన్ని ఎన్నాళ్ల కిందటి పరిశీలనలతో తీశారో, అది ఎంతవరకు తప్పవచ్చో చూపాలి.