‘డంబుల్ కిట్’ కొనేముందు జాగ్రత్త: ట్రాన్స్‌ఫార్మర్ మీద స్టిక్కర్ పీకి చూడండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు గిటార్ వాయించే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. "డంబుల్ 50 వాట్స్ ట్యూబ్ ఆంప్, కంప్లీట్ కిట్, 38,000" అని ఒక ప్రకటన కొన్నాళ్లుగా తిరుగుతోంది. ట్యూబ్ ఆంప్ అంటే గాజు ట్యూబులతో గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్, కిట్ అంటే దాని విడిభాగాలు, మనమే కట్టుకోవాలి. మెలోడీ పార్టీల వాట్సాప్ గ్రూపుల్లో కూడా పడింది. దయచేసి కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే ప్లగ్గులో పెట్టకండి. డబ్బు పోతే పోయింది, ఇందులో ప్రాణం మీదకి తెచ్చే సరుకుంది.

కేసు నడుస్తోంది కాబట్టి అమ్మినవాడి పేరు రాయను. కిట్‌ని మాత్రం సులువుగానే గుర్తుపట్టొచ్చు. గోధుమరంగు ఫైబర్ బోర్డు, బంగారు రంగు మూతలున్న ట్రాన్స్‌ఫార్మర్లు, "పాత మిలిటరీ స్టాక్" అని చెప్పే 6ఎల్6 రకం ట్యూబులు రెండు, "వింటేజ్ లుక్" పేరుతో రెండు పిన్నుల వైరు. బిల్లు ఉండదు. తెల్లకాగితం మీద ‘ఎస్టిమేట్’ అని రాసిస్తాడు.

అసలు డంబుల్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. అలెగ్జాండర్ డంబుల్ అని కాలిఫోర్నియాలో గిటార్ ఆంప్‌లు కట్టే ఒకాయన ఉండేవాడు, 2022 జనవరిలో పోయాడు. జీవితమంతా కలిపి చేసినవి సుమారు 300 ఆంప్‌లు. రాబెన్ ఫోర్డ్, లారీ కార్ల్‌టన్ లాంటివాళ్లు వాయించినవి. ఇప్పుడు ఒక్కోటి లక్ష డాలర్ల పైమాటే. ఆయన వాయించేవాడి చెయ్యి చూసి, విని, దాన్నిబట్టి ఒక్కో ఆంప్‌ని ఒక్కోలా సర్దేవాడు. పైగా లోపలి సర్క్యూట్ ఎవరూ కాపీ కొట్టకుండా చాలా వాటిమీద నల్లటి ఎపాక్సీ జిగురు పోసేసేవాడు. తర్వాత కొందరు ఆ ఎపాక్సీ గోకి, కొలతలు తీసి బొమ్మలు గీశారు. అవి మంచివే, వాటితో బాగా మోగే ఆంప్‌లు కట్టినవాళ్లు ఉన్నారు. కానీ ఏ రెండూ ఒకలా లేని ఆంప్‌కి "100 శాతం ఒరిజినల్ వాల్యూస్" అని ఎవడైనా అన్నాడంటే అక్కడే అనుమానించాలి. ఏ డంబుల్‌కి ఒరిజినల్ అని అడిగితే ఈ కిట్ అమ్మినవాడి దగ్గర జవాబు లేదు, "సార్, సౌండ్ వినండి సార్" అని ఒక వీడియో పంపాడు.

మా పిన్ని కొడుకు చర్చిలో లీడ్ వాయిస్తాడు. ఠాకురాణి జాతర ఏడు వస్తే మెలోడీలకి కూడా పిలుపులొస్తాయి. ఈ కిట్ వాడి కోసమే తెప్పించాం. టంకం పని నాది.

పెట్టె విప్పగానే ట్యూబులు చూశాం. గాజు లోపల పైభాగాన వెండిలా మెరిసే పూత ఉంటుంది, గెటర్ అంటారు. ఒక ట్యూబులో అది సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. అంటే లోపలికి గాలి దూరింది, అది చచ్చిన ట్యూబు. రెండోదాని మీద ముద్ర బొటనవేలితో రుద్దితే చెరిగిపోయింది. పాత ట్యూబుల మీద అచ్చు చెరగడం మామూలే కానీ, ఇక్కడ చెరిగిన అచ్చు కింద ఇంకో అచ్చు నీడలా కనిపించింది. ఇవి మిలిటరీ స్టాకేమీ కాదు, ఎక్కడో వాడి పారేసినవి. బెంగళూరు బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కంపెనీ ఒకప్పుడు మన దేశంలోనే వాల్వులు, అంటే ఈ ట్యూబులే, తయారుచేసేది, పాత రేడియో మెకానిక్‌లని అడిగితే చెబుతారు. అందుకే "పాత స్టాక్" అనగానే మనవాళ్లు సులువుగా నమ్మేస్తారు.

తర్వాత ఫిల్టర్ కండెన్సర్లు, అంటే ఆంప్ లోపలి హై వోల్టేజీని నిలవ చేసి నిలకడగా ఉంచేవి. పైన 47 మైక్రోఫారడ్, 500 వోల్టులు అని ఉంది. చేతిలోకి తీసుకుంటే సైజుకి తగ్గ బరువు లేదు. మీటర్‌లో పెడితే 21 చూపించింది. బ్లేడుతో తొడుగు చీరితే లోపల చిటికెనవేలంత ఇంకో కండెన్సరు బయటపడింది. దానిమీద 22 మైక్రోఫారడ్, 250 వోల్టులు. ఈ సర్క్యూట్‌లో ఆ చోట 450 వోల్టుల దాకా ఉంటుంది. 250 వోల్టుల కండెన్సరు అక్కడ పెడితే కాసేపట్లో పేలుతుంది. మూత తెరిచి, మొహం దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నప్పుడు పేలితే కళ్లు పోతాయి.

అసలు మోసమంతా ట్రాన్స్‌ఫార్మర్లలో ఉంది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద "230 వోల్ట్స్" అని మెరిసే స్టిక్కర్ ఉంది. ఎందుకైనా మంచిదని దాన్ని గేట్ బజార్ వైపు మోటార్లకి వైండింగ్ కట్టే ఒక బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్లాం. ఆయన ఏదీ నేరుగా ప్లగ్గులో పెట్టడు. 100 వాట్ల ఫిలమెంటు బల్బు సీరీస్‌లో కలిపి, ఆ తర్వాతే స్విచ్చి వేస్తాడు. లోడు లేని మంచి ట్రాన్స్‌ఫార్మర్ అయితే బల్బు ఒక్కసారి మెరిసి దాదాపు ఆరిపోవాలి. ఇది బాగా వెలిగి అలాగే నిలబడిపోయింది, ట్రాన్స్‌ఫార్మర్ బుర్రుమంటోంది.

"బాబూ, దీనికింకా ఏమీ తగిలించలేదు కదా. మరి ఇంత కరెంటు ఎవరు తాగుతున్నారు?" అన్నాడు.

"లోపల షార్ట్ ఉందా బాబాయ్?"

"షార్ట్ కాదేమో. ఆ స్టిక్కరు కింద ఏముందో గోకు చూద్దాం."

గోరుతో గోకితే వచ్చేసింది. కింద లోహం మీదే అచ్చు వేసి ఉంది: 120 వోల్ట్స్, 60 హెర్ట్జ్. అమెరికా సరుకు, ఏ పాత యంత్రంలోంచి ఊడబెరికిందో. దాన్ని సీరీస్ బల్బు లేకుండా నేరుగా మన 230కి తగిలించి ఉంటే అన్ని వోల్టేజీలూ రెట్టింపయ్యేవి, ట్రాన్స్‌ఫార్మర్ అక్కడికక్కడే కాలేది.

ఫోన్ చేసి అడిగితే అమ్మినవాడు ఏమీ తడబడకుండా "స్టెప్ డౌన్ పెట్టుకోండి సార్, అందరూ అదే వాడుతున్నారు" అన్నాడు. ఈ మాట నమ్మకండి. స్టెప్ డౌన్ వోల్టేజీని తగ్గిస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. మన కరెంటు 50 హెర్ట్జ్. 60 హెర్ట్జ్‌కి లెక్కకట్టి, ఇనుము పొదుపుగా వేసి చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ని అదే వోల్టేజీతో 50 మీద నడిపితే, కోర్‌లో అయస్కాంత బలం 20 శాతం పెరుగుతుంది. ఇనుము అంత మోయలేక వైండింగ్ అదనపు కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. మేం బాబాయ్ దగ్గరే స్టెప్ డౌన్ మీద పెట్టి చూశాం. ట్యూబులు లేకుండానే కాసేపటికి చెయ్యి ఆనించలేనంత వేడెక్కింది. ఆదివారం ఆరాధన పూర్తయ్యేదాకా అది నిలబడుతుందా?

ట్యూబులని స్పీకర్‌కి కలిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కథ వేరు. అది చూడగానే చిన్నదనిపించింది. 50 వాట్లకి చేసినదైతే కిలోకి పైనే తూగాలి, ఇది తూగలేదు. దీన్ని ఇంట్లోనే పరీక్షించొచ్చు. ఫోన్‌లో 200 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఏదైనా చిన్న ఆంప్ గుండా స్పీకర్ వైపు 8 ఓమ్‌ల తీగలకి సరిగ్గా 1 వోల్టు ఏసీ ఇవ్వండి. ట్యూబుల వైపు రెండు చివర్ల మధ్య ఎంత వస్తుందో మీటర్‌తో చూడండి. 6ఎల్6 జతకి సరిపడేదైతే 23 వోల్టుల దగ్గర రావాలి. మాకు 32 వచ్చింది. ఆ సంఖ్యని దానితోనే హెచ్చించి, 8తో హెచ్చిస్తే ట్యూబులకి కనిపించే లోడు తెలుస్తుంది. 23కి సుమారు 4,200 ఓమ్‌లు, 32కి 8,000 పైన. ఆ రెండోది 6వీ6 ట్యూబుల జత వాడే 15 వాట్ల చిన్న ఆంప్‌ల లెక్క. అంటే 50 వాట్లని చెప్పి 15 వాట్ల ఇనుము అంటగట్టాడు. ఒక్క జాగ్రత్త: తొందరపడి 1 వోల్టు బదులు 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తగిలించకండి, అటువైపు దాదాపు 200 వోల్టులు లేస్తుంది.

ఇక ఆ రెండు పిన్నుల వైరు. 1950ల, 60ల అమెరికన్ ఆంప్‌లు చాలావాటికి అదే ఉండేది, నిజమే. అప్పట్లో హమ్ (బుర్రుమనే రొద) తగ్గించడానికి మెయిన్స్ తీగ నుంచి చాసీకి, అంటే ఆంప్ ఇనుప పెట్టెకి, ఒక కండెన్సరు వేసేవారు. అది పాడై షార్ట్ అయితే చాసీ మొత్తం కరెంటే. అందుకే రిపేరు చేసేవాళ్లు దానికి చావు కండెన్సరని పేరు పెట్టారు, పాత ఆంప్ చేతికొస్తే ముందు దాన్నే కోసి పారేస్తారు. ఈ మహానుభావుడు దాన్ని కూడా ‘ఒరిజినల్’ అని లేఅవుట్‌లో పెట్టాడు. గిటార్ తీగలు బ్రిడ్జి గుండా, జాక్ గుండా చాసీకే కలిసి ఉంటాయి. చేతిలో తీగలు, పెదాల దగ్గర మైకు, ఆ మైకు వేరే సెట్‌లో ఎర్త్ అయి ఉంటుంది. చాసీకి కరెంటొస్తే అది మీ ఒంటి గుండానే పోతుంది. మన వైపు పాత ఇళ్లలో, పందిళ్లలో ఎర్తింగ్ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మూడు పిన్నుల వైరు, ఎర్త్ తీగ చాసీకి బోల్టుతో బిగించాలి, ఫ్యూజు ఉండాలి. ఇందులో బేరమే లేదు.

"కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లు, వింటేజ్ టోన్" అని 3,000 అదనంగా లాగే ఆఫరొకటి ఉంది. గోపాల్‌పూర్ గాలి తగిలే ఊళ్లలో అవి తేమ పీల్చి వాల్యూ మారతాయి, చిటపటమంటాయి. మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు వేసుకోండి, చవక కూడా.

కిట్ అప్పటికే కట్టేసి, ఒకసారైనా ఆన్ చేసినవాళ్లు లోపల చెయ్యి పెట్టే ముందు ఇది చదవండి. ఇందులో బ్లీడర్ రెసిస్టర్, అంటే ఆపాక కండెన్సర్లని తనంతట ఖాళీ చేసేది, లేదు. స్విచ్చి ఆపి, వైరు పీకేసినా కండెన్సర్లలో వందల వోల్టులు మిగిలి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే వీరత్వం వద్దు. 10 వాట్ల, 10,000 ఓమ్‌ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు కట్టి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ప్రతి ఫిల్టర్ కండెన్సరునీ ఖాళీ చేయండి. ఖాళీ అయిందని మీటర్ చెప్పాకే ముట్టుకోండి.

ట్యూబ్ ఆంప్ ఇంట్లో కట్టొద్దని నేను అనడం లేదు. మొదటిసారి కట్టేవాళ్లు 1950ల ఫెండర్ ట్వీడ్ డీలక్స్, అంటే 5ఈ3 సర్క్యూట్‌తో మొదలుపెట్టండి. రెండు 6వీ6లు, 12 నుంచి 15 వాట్లు, చర్చికి సరిపోతుంది. వోల్టేజీ తక్కువేమీ కాదు కాబట్టి పైన చెప్పిన జాగ్రత్తలన్నీ దీనికీ వర్తిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్లు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని రాయించుకుని కొనండి, లేదా తెలిసినవాళ్ల చేత కట్టించుకోండి. మంచి జత విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌తో కలిపి ఆ 38,000లో సగం పైనే అయిపోతుంది. ట్యూబులతో సహా అన్నీ అంతలోనే ఎలా ఇస్తున్నాడో అప్పుడే అర్థమవుతుంది.

డబ్బు సంగతి. "పెట్టె విప్పితే రిటర్న్ లేదు" అని చెప్పి మా నంబర్లు బ్లాక్ చేశాడు. ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చాం. దాని తర్వాత ట్యూబుల డబ్బు మాత్రం యూపీఐలో వెనక్కి వేశాడు, మిగతాదానికి ఉలుకూ పలుకూ లేదు. వాడు వేరే రాష్ట్రంలో ఉన్నాడని మీరు వెనకాడక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు నివసించే చోటే కేసు వేయొచ్చు. గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్ బరంపురంలోనే ఉంది. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు.

మీ దగ్గర ఈ కిట్ ఉంటే ఆ ప్రకటన, చాట్, యూపీఐ రసీదు, కొరియర్ చీటీ అన్నీ స్క్రీన్‌షాట్ తీసి దాచండి. స్టిక్కర్ పీకేటప్పుడు వీడియో తీయండి. పీకిన స్టిక్కర్‌ని కూడా ఒక కవరులో పెట్టుకోండి. కోపంతో ట్రాన్స్‌ఫార్మర్‌ని పాతసామాన్లవాడికి వేసేయకండి, కమిషన్ ముందు పెట్టాల్సిన సాక్ష్యం అదే.