లాడ్జి గోడ, సాగర్ లంక, అమరావతి దిబ్బ

శుక్రవారం నాడు నాగార్జునకొండకు వెళ్ళకండి. ఆ రోజు మ్యూజియానికి సెలవు. ఈ సంగతి మాకు కుడిగట్టున లాంచీ రేవు దాకా వెళ్ళాక గానీ తెలియలేదు. ఆర్కియాలజీలో ఎం.ఏ. చేస్తున్న మా మేనల్లుడు పక్కనే ఉండి కూడా! "నువ్వు చూసుంటావనుకున్నా మామయ్యా" అన్నాడు. ఇక చేసేదేముంది, ఆ పూటంతా దగ్గర్లోనే ఉన్న అనుపుకి ఇచ్చేశాం.

అనుపులో మెట్ల రంగస్థలం బాగుంది. మధ్యలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పైమెట్టు మీద వాడికి వినిపించింది. కాకపోతే అక్కడ దొరికిన గైడు "ఇదే చోట, ఇదే నేల మీద ఇక్ష్వాకుల కాలంలో..." అని మొదలుపెట్టగానే మావాడికి ఒళ్ళు మండింది. ఆ చోటు ఇది కాదు. శాతవాహనుల తర్వాత ఇక్కడ ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది. డ్యామ్ కడితే మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను నాగార్జునకొండ మీదా (ఇప్పుడది నీళ్ళ మధ్య లంక), అనుపులోనూ మళ్ళీ కట్టారు. ముంపు, రోడ్డు, కాలువ లాంటివి ముంచుకొస్తుంటే చేసే ఇలాంటి తవ్వకాన్ని సాల్వేజ్ ఆర్కియాలజీ అంటారట.

నీటి అంచున ఒక ఎర్రటి కుండపెంకు దొరికింది. జేబులో వేసుకోబోతే వాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. "అది రెండు వేల ఏళ్ళదో, నిన్న పగిలిన కుండదో నువ్వు చెప్పలేవు, నేనూ చెప్పలేను. అలలు దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చాయో తెలీదు." వస్తువు ఏ చోట, ఎంత లోతులో, ఏ పొరలో, దేని పక్కన దొరికింది అన్నదంతా కలిపితే కాంటెక్స్ట్. ఆ కాంటెక్స్ట్ పోయిన పెంకు వట్టి పెంకే. అలాగని జేబులో వేసుకుంటే ఆ మిగిలిన కాస్త ఆనవాలు కూడా పోతుంది. పెట్టేశాను.

రాత్రి మాచర్లలో ఒక లాడ్జిలో దిగాం. పేరు చెప్పను. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, వేడినీళ్ళు మాత్రం ఉదయం అరగంటే వచ్చాయి. ఆ లాడ్జిని తలుచుకునేది గోడ కోసం. మంచం పక్కన పెచ్చులూడిపోయి పైన నీలం, దాని కింద ఆకుపచ్చ, అడుగున సున్నం కనిపిస్తున్నాయి. మావాడు ఫోన్ లైటు వేసి పాఠం మొదలుపెట్టాడు. ఎవరూ కెలకకపోతే అడుగు పొర ముందుది, పై పొర తర్వాతది. ఇలా పొరల వరసను చదవడమే స్ట్రాటిగ్రఫీ. నీలాన్నీ పచ్చనీ చీల్చుకుని లోపలికి దిగిన మేకు రంధ్రం ఒకటుంది. సున్నం దాకా దిగింది కదా అని అది సున్నం కాలంది కాదు, నీలం రంగు వేశాక కొట్టిన మేకే. తవ్వకాల్లో గోతులతోనే అసలు తంటా అంట. తర్వాతి వాళ్ళు తవ్విన గోతిని గుర్తుపట్టకపోతే కొత్త నాణెం పాత పొరలో తేలుతుంది. ఇంకో చోట నీలం రంగు కింద క్యాలెండర్ ముక్క అతుక్కుని ఉంది, 2009 అని కనిపిస్తోంది. అంటే నీలం 2009కి ముందు వేసింది కాదు. ఎంత తర్వాత వేశారో ఆ ముక్క చెప్పదు. ఒక పొరలో దొరికిన నాణెం చెప్పేదీ అంతే.

శనివారం లాంచీ జనం నిండితే గానీ కదల్లేదు. ప్రయాణం ముప్పావు గంట పైనే, నీళ్ళ మీద ఎండ చెప్పక్కర్లేదు. లంక మీద మాకిచ్చిన సమయం గంట. అది బొత్తిగా చాలదు. నన్నడిగితే సగం సమయం మ్యూజియంలో ఉన్న లోయ నమూనా దగ్గరే గడపాలి. మునగకముందు ఏ స్తూపం, ఏ విహారం ఎక్కడుండేదో అక్కడే అర్థమవుతుంది. బయట మళ్ళీ కట్టినవి చూశాక నాకు ఒక అనుమానం మిగిలింది. పూస, నాణెం లాంటి ఆర్టిఫాక్టుని, అంటే మనిషి చేసిన వస్తువుని, పెట్టెలో పెట్టి తేవచ్చు. స్తూపాన్ని ఇటుక ఇటుకా విప్పి తేవచ్చు. గుంజ పాతిన గుంటను ఎలా తెస్తారు? తేలేరు, కొలిచి బొమ్మ గీసుకుంటారు. అందుకే తవ్వకంలో పారకంటే టేపూ పెన్సిలూ ముఖ్యం అంటాడు మావాడు.

నాగార్జునకొండ పెద్ద స్తూపమైన మహాచైత్యం శాసనాల్లో దాన్ని కట్టించిన ఇక్ష్వాకుల ఆడపడుచు చాంతిసిరి పేరుంది, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరం అని ఉంది. అచ్చంగా తేదీ దొరికినట్టే అనిపిస్తుంది గానీ, ఆయన ఏ ఏడు గద్దెనెక్కాడో తేలితేనే అది మన క్యాలెండర్‌లోకి వస్తుంది.

ఆదివారం గుంటూరు నుంచి అమరావతి. ఆర్టీసీ బస్సులు బాగానే ఉన్నాయి, గుంటూరులోనే గది తీసుకోవడం మేలు. ఇక్కడ కథ తిరగబడింది. నాగార్జునకొండలో రాళ్ళు మిగిలి చోటు మునిగింది, ఇక్కడ చోటు మిగిలి రాళ్ళు పోయాయి. దీపాలదిన్నె అని పిలిచిన ఈ దిబ్బ ఒక పాత బౌద్ధ స్తూపం. దీన్ని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివర్లో చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి నడిమధ్యన చెరువు తవ్వేసి ఉంది. స్తూపానికున్న చెక్కుడు రాతి పలకలు కొన్ని ఇళ్ళ కట్టుబడికి పోయాయి, కొన్ని సున్నం బట్టీల్లో కాలిపోయాయి. మిగిలిన వాటిలో గొప్పవి చాలా వరకు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. మెకంజీ గీయించిన బొమ్మలే లేకపోతే కొన్ని పలకలు ఉండేవన్న సంగతి కూడా మనకు తెలిసేది కాదు. ఇప్పుడు కనిపించేది గుండ్రటి దిబ్బ, చుట్టూ నిలబెట్టిన కొన్ని సున్నపురాతి పలకలు. ముందు మ్యూజియం చూసి తర్వాత దిబ్బ దగ్గరికి వెళ్ళండి, లేకపోతే "ఇంతేనా" అనిపిస్తుంది.

బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన మా మాటలు విని, తమ ఊళ్ళో పాటిమన్ను తోలుకుంటుంటే పూసలు దొరికేవని చెప్పాడు. మావాడు వెంటనే నోట్‌బుక్ తీశాడు. పాటిమన్ను రైతుకు ఎరువు, వీళ్ళకు పాత ఊరి ఆనవాలు. "ఏ పక్కన తవ్వారు? ఎంత లోతులో?" అని అడుగుతూనే ఉన్నాడు, ఆయన దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా.