కొత్త బండి మీద అసంతృప్తి: ఏ మార్పులు పనికొచ్చాయి, ఏవి రాలేదు

ఎంతో ఇష్టపడి కొన్న బండి మీద కొన్నాళ్లకే "ఇంకోటి తీసుకుని ఉంటే బాగుండేదేమో" అనిపిస్తే ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేం. ఇంట్లోవాళ్లని ఒప్పించి మరీ తెచ్చుకున్నదాయె. నాది 350 సీసీ సింగిల్ సిలిండర్ బండి. ఇప్పటికి టైర్లు మారాయి, చైన్ సెట్ మారింది, కాబట్టి దాని సంగతి కాస్త గట్టిగానే చెప్పగలను.

మొదట్లో పికప్ లేదనీ, బరువెక్కువనీ అనిపించేది. అసలు ఇబ్బంది ఒంటికి. గంటసేపు నడిపితే మణికట్లు లాగేవి, తొడల వెనక తిమ్మిరెక్కేది. ఒళ్లునొప్పులతో బండి దిగేవాడికి రోడ్డు మీద కనిపించే ప్రతి బండీ తనదానికన్నా మంచిదిగానే తోస్తుంది.

అందుకే కొత్తగా ఏదైనా కొనేముందు, ఉన్నదాన్ని మన ఒంటికి సరిపెట్టుకోవాలని అందరికీ చెబుతాను. సీటు మీద మామూలుగా కూర్చుని, కళ్లు మూసుకుని హ్యాండిల్ పట్టుకుని వేళ్లు చాపండి. చేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండగా వేళ్లు లివర్ మీద పడాలి. నా బండికి క్లచ్, బ్రేక్ లివర్లు రెండూ బాగా పైకి ఉండేవి. క్లాంప్ బోల్టులు వదులు చేసి కొంచెం కిందికి తిప్పి బిగించాను. మణికట్టు నొప్పి సగానికి పైగా అక్కడే పోయింది. గేర్ లివర్‌ని కూడా నా బూటుకి తగ్గట్టు, అది బిగించే షాఫ్ట్ పళ్ల మీద ఒక పన్ను పైకి జరిపాను.

తర్వాత వెనక షాక్ అబ్జార్బర్లు. ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే ఎంత నొక్కి ఉంచాలన్న సర్దుబాటు) పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. స్ప్రింగ్ గట్టితనం మారదు, బండి ఎంత ఎత్తులో నిలబడుతుందన్నదే మారుతుంది. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఒకసారి, మనం ఎక్కి కూర్చున్నాక ఒకసారి, యాక్సిల్ నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా టేపుతో కొలవాలి. ప్రీలోడ్ సర్దుకుని ఆ తేడాని మొత్తం ట్రావెల్‌లో (చక్రం పైకీ కిందికీ కదలగల దూరంలో) 30 శాతం దగ్గరికి తెస్తే మామూలు రోడ్లకి బాగుంటుంది. చక్రానికి 100 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉంటే 30 అన్నమాట. ఇంత చిన్న పనికి గుంతల్లో నడుముకి తగిలే దెబ్బ ఎంత తగ్గిందో!

డబ్బు పెట్టి చేయించినవాటిలో నూటికి నూరుపాళ్లు నచ్చింది సీటు. పైన వేసుకునే మెత్తటి కవర్లు నాకు పనిచేయలేదు. మెత్తటి ఫోమ్ కాసేపటికే అణిగిపోయి, ఎముకలు కింది గట్టి భాగానికి తగులుతాయి. సీటు విప్పించి, గట్టి ఫోమ్ వేయించి, ముందుకి జారే వాలు తీయించి, కూర్చునేచోట కాస్త వెడల్పు చేయించాను. ఎక్కగానే గట్టిగా అనిపిస్తుంది. రెండు గంటల తర్వాత దాని విలువ తెలుస్తుంది.

హ్యాండిల్‌ని పైకి లేపే రైజర్లు కూడా మంచివే, కానీ జాగ్రత్త. హ్యాండిల్ పైకి లేస్తే కేబుళ్లు బిగుసుకుంటాయి. రైజర్లు బిగించాక ఇంజిన్ ఆన్‌లో ఉంచి హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. నాకు ఎడమవైపు తిప్పగానే ఐడిలింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజిన్ తిరిగే వేగం) పెరిగింది. అంటే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోందన్నమాట. అలాగే రోడ్డెక్కితే యూటర్న్‌లో బండి దానంతటదే ముందుకి ఉరుకుతుంది. కేబుల్ దారి మార్పించాకే బయటికి తీశాను. బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ పైపు) కూడా బిగుసుకోలేదని చూసుకోవాలి.

ముందు స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) 14 పళ్లది తీసి 15 పళ్లది వేయించాను. గేరింగ్ సుమారు 7 శాతం పెరిగి, అదే స్పీడులో ఇంజిన్ నెమ్మదిగా తిరిగింది, వైబ్రేషన్ తగ్గింది. కానీ ట్రాఫిక్‌లో వెనక మనిషి ఉంటే క్లచ్‌తో కుస్తీ పట్టాల్సి వచ్చింది. మళ్లీ 14కే వచ్చాను.

వెనక మడ్‌గార్డ్ చిన్నది వేయిస్తే చూడ్డానికి అందంగానే ఉంది, వానాకాలంలో వెనక కూర్చున్నవాళ్ల వీపు నిండా బురద. తీసేశాను. స్టిక్కర్లు, ట్యాంక్ ప్యాడ్ మీ ఇష్టం. సైలెన్సర్ జోలికి మాత్రం పోలేదు. దూరం వెళ్లేటప్పుడు ఆ చప్పుడే తలనొప్పి.

హైవేలో లారీని దాటేటప్పుడు ఇంకాస్త పవర్ ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అది యాక్సెసరీలతో వచ్చేది కాదు. మీ అసంతృప్తి మొత్తం అదే అయితే దీనిమీద ఇంకా ఖర్చు పెట్టకుండా, అమ్మి పెద్ద ఇంజిన్ బండి చూసుకోండి. విప్పిన ఒరిజినల్ పార్టులన్నీ మాత్రం దాచి ఉంచండి. కొనేవాళ్లు ముందు వాటినే అడుగుతారు.