కారం దోసెకు నాలుగు స్టార్లు, సాంబారుకు రెండు

ఈ టిఫిన్ హోటల్ అడ్రసు చెప్తాను, పేరు మాత్రం చెప్పను. కింద సాంబారు గురించి రాయబోయేది ఓనరుకు నచ్చదు, రేపు పొద్దున మళ్ళీ మొహాలు చూసుకోవాల్సిన వాళ్ళం. నెల్లూరు మినీ బైపాస్ నుంచి లోపలికి తిరిగే వీధుల్లో ఒకటి. ఎదురుగా వేపచెట్టు, చెట్టు కింద ఎప్పుడూ రెండు ఆటోలు. లోపల ఆరు బల్లలు, గోడకు ఒక టీవీ. క్యాష్ కౌంటర్ వెనక వెంకటేశ్వరస్వామి పటం, దాని పక్కన ముదురు ఎరుపు, పసుపు రంగుల్లో మూడు మొనల గుర్తున్న స్టిక్కర్. కొత్తగా వచ్చినవాళ్ళు అది శివుడి త్రిశూలం అనుకుని దణ్ణం కూడా పెడతారు. అది అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు గుర్తు. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, బంతి చేత పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట. జట్టు పేరు సన్ డెవిల్స్, అంటే ఎండ దయ్యాలు. "దేవుడి పటం పక్కన దయ్యాల గుర్తేంది సామీ?" అని ఎవరో అడిగితే, "ఫీజు కడతా ఉండాం కద సార్, ఆ మాత్రం హక్కు లేదా?" అన్నాడు ఓనర్.

ఆయన కొడుకు 2023 ఆగస్టులో ఆ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదవడానికి టెంపే ఊరికి పోయాడు. ఫీనిక్స్ పక్కనే. ఎండల్లో మన నెల్లూరుకు పెద్దన్న. అందుకే సెప్టెంబరులో అక్కడ మ్యాచ్‌లు ఎక్కువగా రాత్రిపూట పెడతారు. అమెరికాలో చాలా చోట్ల గడియారాలు ఏడాదికి రెండుసార్లు మారుస్తారు గానీ అరిజోనాలో మార్చరు. మనకూ వాళ్ళకూ ఎప్పుడూ పన్నెండున్నర గంటల తేడా. వాళ్ళ శనివారం రాత్రి ఏడున్నర మన ఆదివారం పొద్దున ఎనిమిది. సరిగ్గా టిఫిన్ టైము. కొడుకు అక్కడినుంచి ఏదో తిప్పలు పడి లాప్‌టాప్‌లో చూపిస్తే ఇక్కడ టీవీలో పడుతుంది. అట్ట మొదలైంది ఈ హోటల్లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్.

నేను 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, ఆగస్టు పదిహేనుకు మార్చ్‌పాస్ట్. నేను అక్కడికి పోయింది దోసె కోసమే. ఆట తర్వాత తగులుకుంది.

ముందు దోసె సంగతి. కారం దోసె 60 రూపాయలు, నెయ్యి వేయమంటే 80. ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి కలిపి నూరిన ఎర్రకారం పలచగా పూసి, మీద పప్పుల పొడి చల్లుతారు. చల్లేది కాస్త చల్లరు, గుప్పెడు చల్లుతారు. అంచు కరకరలాడాలి, మధ్యలో కారం తగిలిన చోట మెత్తగా ఉండాలి. ఇక్కడ అట్టే ఉంటుంది. కారం మరీ మంట కాదు, రెండో దోసె అడగాలనిపించేంత. పల్లీ చట్నీ గట్టిగా ఉంటుంది, నీళ్ళు పోసి పెంచరు. పులిబొంగరాలు ఆదివారం మాత్రమే, అవీ ఎనిమిదిన్నరకల్లా అయిపోతాయి. ఇడ్లీ మామూలే. పూరీ జోలికి పోవద్దు.

ఇదంతా ఇప్పటి మాట. 2024 సంక్రాంతి తర్వాత పాత దోసె మాస్టర్ ఎక్కువ జీతమని బెంగళూరు పోయాడు. ఆయన స్థానంలో ఉదయగిరి వైపు నుంచి ఇరవై నాలుగేళ్ళ కుర్రాడొచ్చాడు. మొదటి నెల దోసె పెనం మీదే ముక్కలైంది. ఒకరోజు నాకు పెట్టింది దోసె కాదు, ఉప్మా లాంటిదేదో. రెగ్యులర్ వాళ్ళలో సగం మంది పక్క వీధికి మారారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బల్లల మీద ఇంకో గొడవ నడుస్తా ఉంది. టెంపేలో కొత్త కోచ్‌ను ఉంచాలా, పీకాలా అని.

కోచ్ పేరు కెన్నీ డిల్లింగ్‌హామ్. 2022 నవంబరులో తీసుకున్నప్పుడు ఆయన వయసు 32. అదే యూనివర్సిటీలో చదివినవాడు, పక్కనున్న స్కాట్స్‌డేల్ కుర్రాడు. అంతకు ముందున్న హెర్మ్ ఎడ్వర్డ్స్ ఆ సెప్టెంబరులోనే, ఈస్టర్న్ మిషిగన్ చేతిలో సొంత గడ్డ మీద ఓడిన వెంటనే దిగిపోయాడు. ఆయన కాలంలో, కరోనా నిబంధనలున్నప్పుడు, ఆటగాళ్ళను చేర్చుకోవడంలో రూల్సు తప్పారని విచారణ నడుస్తా ఉండింది. దాంతో 2023 సీజన్ మొదలయ్యే ముందు యూనివర్సిటీయే, ఈ ఏడు ఎన్ని గెలిచినా సీజన్ చివరి బౌల్ మ్యాచ్‌కు పోము అని తనకు తానే శిక్ష వేసుకుంది. కొత్త కోచ్ మొదటి మ్యాచ్ ఆడకముందే సగం ఆశ పోయిందన్నమాట. ఆ మొదటి మ్యాచ్‌లో దుమ్ము తుఫానొచ్చి రెండు గంటలకు పైగా ఆట ఆగింది. సదరన్ యూటా అనే చిన్న జట్టు మీద 24-21తో గట్టెక్కారు. తర్వాత వరస దెబ్బలు. యూటా చేతిలో 55-3. ఆఖరి మ్యాచ్‌లో, పక్క ఊరు టూసాన్‌లోని అరిజోనా యూనివర్సిటీ చేతిలో, సొంత స్టేడియంలో 59-23. మొత్తం మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు.

మా బల్లలో ఒక రిటైర్డు బ్యాంకు మేనేజరుంటాడు. పేపరు చదివినట్టు అంకెలు చదువుతాడు. "పన్నెండింట్లో తొమ్మిది పోగొట్టినోణ్ణి మా బ్యాంకులో అయితే ఆఫీసు కుర్చీలో కూర్చోనిచ్చేవాళ్ళు కాదు" అన్నాడు. దానికి ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులున్న ఆయన లేచాడు. "ఏంది సార్ మీరు చెప్పేది? మొదటి పంటకు వైట్ స్పాట్ వచ్చిందని చెరువు పూడ్చుకుంటామా? నీళ్ళు తీసేస్తాం, అడుగు ఎండబెడతాం, సున్నం కొట్టి మళ్ళీ పిల్ల వదుల్తాం. పాతోడు పెట్టిపోయిన రోగానికి కొత్తోణ్ణి అంటే ఎట్ట?" బ్యాంకాయన కాసేపు ఆలోచించి, మొండి బాకీలు పాత మేనేజరువేనని ఒప్పుకున్నాడు గానీ, 55-3 మాత్రం కొత్త బాకీయే అన్నాడు. మెడికల్ షాపు కుర్రాడు మధ్యలో దూరి, కోచ్ బాగా అరుస్తాడు గనక మంచివాడే అన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

నన్నడిగారు. మీరు మాస్టారు కద, చెప్పండి అని. నేను స్కోరు చూడనని చెప్పాను. నా స్కూల్లో ఆడపిల్లల కబడ్డీ జట్టు మొదటి ఏడు మండల స్థాయిలోనే చిత్తుగా ఓడింది. ఓడేటప్పుడు ఆఖరి ఐదు నిమిషాల్లో చూడాలి. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే జట్టుకు కోచ్ లేనట్టే. ఇరవై పాయింట్ల వెనకున్నా రైడర్ కాలు పట్టుకోవడానికి దూకే జట్టుకు మాత్రం ఎవరో ఏదో నేర్పారు. టెంపే జట్టులో ఒకడున్నాడు, కామ్ స్కటెబో. శాక్రమెంటో స్టేట్ నుంచి ఇక్కడికి మారాడు. అక్కడ ఇప్పుడు ఆటగాళ్ళు టీసీ తీసుకుని బడి మారినంత తేలిగ్గా కాలేజీ మారతారు, దాన్ని ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అంటారు. ఆ 2023లో క్వార్టర్‌బ్యాకులు, అంటే బంతి విసిరి ఆట నడిపేవాళ్ళు, దెబ్బలు తగిలి కూర్చుంటే, బంతి పట్టుకుని పరిగెత్తేదీ వాడే, విసిరేదీ వాడే, అవసరమైతే కాలితో తన్నేదీ వాడే. ఊరి జట్టులో ఒకడుంటాడు చూడండి, వంటకూ వాడే, వడ్డనకూ వాడే, అట్లాంటోడు. అట్లాంటోడు కోచ్ చెప్పిన మాట వింటున్నాడంటే ఆ కోచ్‌ను ఉంచొచ్చు అన్నాను.

ఇదంతా పెనం దగ్గరి కుర్రాడు వింటానే ఉన్నాడు. నాకు తెలియలేదు. తర్వాత టీ ఇస్తూ, "సార్, నేను కూడా నడుం మీద చెయ్యి పెట్టుకోలా" అన్నాడు మెల్లగా.

ఆ రోజు పెనం దగ్గరికి పోయి చూశాను. తప్పు వాడిది కాదు. పాత మాస్టర్ చేతి అంచనాతో రుబ్బించిన పిండి కొలతలు ఎవరికీ చెప్పకుండా పోయాడు. పెనం ఒక పక్క గుంట పడి ఉంది, అక్కడ అట్టు అతుక్కుంటుంది. కుర్రాడు అడగ్గా అడగ్గా ఓనర్ మార్చిలో పెనం మార్చాడు. కుర్రాడు మెంతులు, గుప్పెడు అటుకులు కలిపి తన కొలత తాను పెట్టుకున్నాడు. ఉగాదికి దోసె లేచింది. ఇప్పుడున్నది పాత మాస్టర్ దోసె కంటే మంచిదని నా అభిప్రాయం. మా ఆవిడ ఒప్పుకోదు.

అయినా కోచ్‌నూ మాస్టర్‌నూ ఒకే గాటన కట్టకూడదు. కోచ్ ఓడితే మిగిలిన కాంట్రాక్టు డబ్బులు చేతిలో పెట్టి పంపుతారు. మాస్టర్ ఓడితే బస్టాండుకు ఆటో చార్జీ కూడా ఇవ్వరు.

2024లో జట్టు బిగ్ 12 అనే వేరే కాన్ఫరెన్స్‌లో, అంటే కాలేజీ జట్ల కూటమిలో, చేరింది. సీజన్‌కు ముందు విలేకర్లు అంచనా వేస్తే, పదహారు జట్లలో పదహారో స్థానం ఇచ్చారు. బ్యాంకాయన ఆ కాగితం ప్రింటు తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. డిసెంబరులో అదే కాన్ఫరెన్స్ ఫైనల్లో అయోవా స్టేట్‌ను 45-19తో కొట్టి కప్పు తీసుకున్నారు. అంతకు వారం ముందు టూసాన్ వాళ్ళను వాళ్ళ ఊళ్ళోనే 49-7తో కొట్టారు. ఆ ఆదివారం ఓనర్ అందరికీ కేసరి ఉచితంగా పెట్టాడు. కేసరిలో చక్కెర ఎక్కువైంది, అయినా ఉచితం కదా.

ఇక 2025 జనవరి 1 రాత్రి. అట్లాంటాలో టెక్సాస్‌తో పీచ్ బౌల్, ప్లేఆఫ్ క్వార్టర్ ఫైనల్. మనకు రాత్రి పదకొండున్నరకు మొదలు. ఓనర్ షట్టర్ సగం దించి, ఎనిమిది మందిని లోపల పెట్టుకున్నాడు. ఇంట్లో న్యూ ఇయర్ కేకు వదిలేసి పోతున్నానని మా ఆవిడ మాట్లాడలేదు. నాలుగో క్వార్టర్లో 24-8, టెక్సాస్ ముందుంది. సగం మంది చెప్పులు వెతుక్కుంటున్నారు. అప్పుడు మొదలుపెట్టాడు స్కటెబో. ఆ రోజు వాడు పక్కకు పోయి వాంతి చేసుకుని మళ్ళీ వచ్చి ఆడాడు. పరిగెత్తే వాడే 42 గజాల పాస్ విసిరి టచ్‌డౌన్ ఇప్పించాడు, అంటే బంతిని అవతలి గీత దాటించాడు. 24-24. ఆఖరి నిమిషాల్లో టెక్సాస్ వాడు మనోణ్ణి తలతో గుద్దితే ఫౌల్ ఇవ్వలేదు, దాని మీద ఇప్పటికీ మా బల్ల దగ్గర తగువే. అదనపు సమయంలో మనం 31-24. టెక్సాస్‌కు ఆఖరిదైన నాలుగో ప్రయత్నం, ఇంకా పదమూడు గజాలు పోవాలి. కబడ్డీలో ఆఖరి ముప్పై సెకన్లలో ఒక్కడే మిగిలినట్టు. ఆ ఒక్క బంతినే టచ్‌డౌన్ చేశారు. రెండో అదనపు సమయంలో 39-31తో పోయింది.

టైము మూడు దాటింది. ఎవరూ లేవలేదు. కుర్రాడు పెనం వెలిగించి, అడక్కుండానే ఎనిమిది కారం దోసెలు పోశాడు. బిల్లు మాత్రం వేశారు.

ఇప్పుడు ఫిర్యాదులు. సాంబారు. చింతపండు పులుపు, నీళ్ళు, అక్కడక్కడా ఒక ములక్కాడ ముక్క. రెండేళ్ళుగా చెప్తున్నాను. దోసె మాస్టర్ చేతిలో లేదు, సాంబారు ఓనర్ స్వయంగా పెడతాడు, అదే అసలు ఇబ్బంది. పొద్దున తొమ్మిది దాటితే బల్లకు ఇరవై నిమిషాలు ఆగాలి. చేతులు కడుక్కునే చోట సబ్బు ఉండదు. వైఫై సరిగ్గా టచ్‌డౌన్ దగ్గరే గుండ్రంగా తిరుగుతుంది. కనెక్షన్ ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేస్తే రౌటర్ ఆపి మళ్ళీ వేయమంటారు, వేసేలోపు అవతల పాయింట్లు వచ్చేస్తాయి. బైకులు పెట్టడానికి చోటుంది, కారు తేవద్దు. ఇంకో మాట: శాకాహారం మాత్రమే. చేపల పులుసు కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు వెనక్కి పోతున్నారు, బోర్డు మీద రాయొచ్చు కదా.

ఇది 2025 ఆగస్టులో రాస్తున్నాను, ఇంకో రెండు వారాల్లో ఆ ఏటి సీజన్. ఓనర్ కొడుకు చదువు అయిపోయింది, ఉద్యోగం వెతుక్కుంటున్నాడు, ఆ టెన్షన్ ఒకవైపు. టీవీ మాత్రం ఉంటుందని మాటిచ్చాడు. స్కటెబో న్యూయార్క్ జెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు పోయాడు, ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్లో తీసుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ శామ్ లెవిట్, బంతి అందుకునే జోర్డిన్ టైసన్ ఉన్నారు. నిరుడు ఆఖరి స్థానం ఇచ్చిన దేశంలోనే ఈసారి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ర్యాంకుల్లో పదకొండో స్థానం ఇచ్చారు. బ్యాంకాయన ఇప్పుడు పూర్తిగా కోచ్ పక్షం, మొదటినుంచీ అదే చెప్తున్నానంటాడు. రొయ్యలాయన తిరగబడ్డాడు. మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అన్నప్పటి నుంచి ఆ దేశపు కోచ్ ఎవడైనా ఓడాలంటున్నాడు. అయినా ఆదివారం ఆయన బల్ల ఆయనకు ఆపమని చెప్పి పోయాడు.

నాకైతే భయంగానే ఉంది. అన్నీ చేసే ఒక్కడు పోయాక ఆ పని పదకొండు మందికి పంచడం తేలిక కాదు, నా కబడ్డీ జట్టులో ఒక పిల్ల పెళ్ళై పోయిన ఏడు చూశాను. ఎనిమిదో తొమ్మిదో గెలుస్తారని నా లెక్క, పదకొండు మాత్రం కాదు. మా బల్లలో ఈ మాటకు నాకు ఎవరూ టీ పోయించలేదు.

ఏడున్నరకల్లా పోతే గోడవైపు బల్ల దొరుకుతుంది, టీవీ నేరుగా కనిపిస్తుంది. కారం దోసె, పల్లీ చట్నీ చెప్పండి. సాంబారు గిన్నె పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టండి.