నవల అయ్యేదాకా బీరువా పైనే ఉంచాల్సిన పుస్తకం

మైకేల్ టనెల్ రాసిన ‘ద ప్రిడేన్ కంపానియన్’ మా ఇంటికొచ్చి రెండేళ్లు దాటింది. అమెరికా రచయిత లాయిడ్ అలెగ్జాండర్ పిల్లల కోసం రాసిన ఐదు ప్రిడేన్ ఫాంటసీ నవలలు తెలిసినవాళ్లకు ఇదేమిటో చెప్పక్కర్లేదు. ఆ నవలల్లోని మనుషులు, ఊళ్లు, వస్తువులు ఇందులో అక్షరక్రమంలో ఉంటాయి. ఏది వేల్స్ పాత కథల్లో ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఉంటుంది. ఆ ‘ఎక్కడి నుంచి’ కోసమే కొన్నాను. మా ఇంట్లో గొడవైందీ దానివల్లే.

అప్పుడు మావాడికి పదేళ్లు. రాత్రి పడుకునే ముందు నేను పైకి చదువుతూ, మధ్యమధ్యలో తెలుగులో చెబుతుంటే వినేవాడు. రెండో నవలలో ఒక నల్ల కొప్పెర వస్తుంది. శవాల్ని అందులో వేస్తే మూగ సైనికులై లేచి వస్తాయి. "అమ్మా, ఇది నిజంగా పాత కథల్లో ఉందా, ఈయన కల్పించాడా?" అన్నాడు. ఇలాంటి ప్రశ్న కోసమే కదా డబ్బు పోసింది అని, గర్వంగా కంపానియన్ తీశాను.

ఉంది. మాబినోగియన్ అనే వేల్స్ పాత కథల సంపుటిలో, ‘శాఖ’లనే నాలుగు భాగాల్లో రెండోదైన బ్రాన్వెన్ కథలో. కంపానియన్ దారి చూపిస్తే చాలదన్నట్టు మాబినోగియన్ కూడా తెరిచి మొత్తం చెప్పేశాను. బ్రాన్వెన్‌ను ఐర్లండ్ రాజుకిచ్చి పెళ్లి చేస్తారు. తనను ఒక్క మాటైనా అడగలేదని ఆమెకు సవతి సోదరుడైన ఎవ్‌నిసియెన్ అలిగి, మగపెళ్లివారి గుర్రాల పెదవులు, చెవులు, తోకలు కోసేస్తాడు. ఆ అవమానానికి పరిహారంగా బ్రాన్వెన్ అన్న, బ్రిటన్ రాజు బ్రాన్ కొప్పెరను ఐర్లండ్ రాజుకిస్తాడు. తర్వాత యుద్ధమొస్తే ఐర్లండ్ వాళ్లు తమ శవాల్ని అందులోనే వేసి లేపుకుంటూ ఉంటారు. చివరికి ఎవ్‌నిసియెన్ శవాల మధ్య శవంలా పడుకుని, తనను కూడా లోపలికి విసిరేశాక ఒళ్లు విరుచుకుంటాడు. కొప్పెర నాలుగు ముక్కలవుతుంది. అతని గుండె కూడా పగులుతుంది.

మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మన పుస్తకంలో దూకేదెవరు?"

నాకు నోట మాట రాలేదు. అక్కడికి చేరడానికి ఇంకా చాలా అధ్యాయాలున్నాయి! ఆ రోజు నుంచి ఎవరు కనిపించినా "ఈయనేనా?" అని ఒకటే అడగడం. మూడో రాత్రికి పట్టేశాడు. పాత కథలో గుర్రాలున్నాయి, ఇక్కడ గుర్రమేసుకుని పొగరుగా వచ్చిన కుర్రాడున్నాడు, కాబట్టి వాడే. నేను ఏమీ తెలియనట్టు ముఖం పెట్టాను. తీరా ఆ ఘట్టం వచ్చేసరికి నా గొంతు పూడుకుపోయింది. వాడేమో "నేను చెప్పలా?" అన్నాడు. ఏడిపించే ఘట్టం పొడుపుకథ అయిపోయింది. మీకూ తెలిసిపోయింది, ఏమీ అనుకోకండి.

తప్పు పుస్తకానిది కాదనుకోండి. అకారాదిలో కథ దాచడం ఎవరి తరం?

మొదట్లో ఇది లేకుండా ప్రిడేన్ చదవొద్దని అందరికీ చెప్పాను. ఇప్పుడంత గట్టిగా చెప్పను. పాత్రల గురించి రాసినదాంట్లో చాలా భాగం నవల్లో చదివిందే. మూలానికీ నవలకూ తేడా ఉన్న పేర్ల దగ్గరే నాకు ఆసక్తి. నవలల్లో అరాన్ చెడుకంతటికీ దొర; మాబినోగియన్ మొదటి శాఖలో ఏడాదిపాటు వేల్స్ ప్రభువు ప్విల్‌తో స్థానం మార్చుకుని, మాట తప్పకుండా స్నేహం నిలుపుకున్న రాజు. నవలల్లోని హెన్ వెన్ అనే పంది వేల్స్ త్రిపదుల్లోదే, అంటే పాతకాలపు పేర్లనూ కథలనూ మూడేసి చొప్పున చెప్పే జాబితాల్లోది. అక్కడది గోధుమగింజనూ తేనెటీగనూ కంటుంది, కాపరి పేరు కోల్. పందులు కాసేవాడు హీరో ఏమిటని వెక్కిరించిన మావాడు, బ్రిటన్ దీవిలోని ముగ్గురు గొప్ప పందికాపరుల్లో కోల్ ఒకడని విన్నాక వెక్కిరింత మానేశాడు.

పేర్లు పలకడం కోసమైతే ఇది కొనక్కర్లేదు. 1999 తర్వాతి నవల ముద్రణల చివర ఉచ్చారణ పట్టిక ఉంది. అది కూడా అమెరికా నోటికి సరిపోయేలా ఉంటుంది. వేల్స్ వాళ్లు ‘ప్రిడేన్’ అనరు, దాదాపు ‘ప్రదైన్’ అంటారు. వాళ్ల భాషలో ఈనాటికీ బ్రిటన్ పేరు అదే. ఇక నవలల్లో వచ్చే ‘లీర్’ అనే పేరు మొదట్లో వాళ్లు పలికే ఆ బుసలాంటి ‘ల’ మనకూ లేదు, ‘ళ’ ఉండి ఏం లాభం.

ఐదు నవలలూ అయిపోయి, మాబినోగియన్ ఇంకా ముట్టని వాళ్లకు ఇది నచ్చొచ్చు. మాబినోగియన్ బాగా తెలిసినవాళ్లకు పెద్దగా కొత్తేమీ దొరక్కపోవచ్చు. నాలాగా పిల్లలకు చదివి వినిపించేవాళ్లయితే మాత్రం వాళ్ల చేతికందనీయకండి.

మావాడికిప్పుడు పన్నెండు. నేను చదివితే వినడు, సొంతంగా చదువుకుంటాడు. ఐదో నవల సగంలో ఉన్నాడు. అందులో వచ్చే ప్రిడెరి ఎవరో చూడాలి, కంపానియన్ ఇవ్వమని మొన్న అడిగాడు. ఎక్కడ పెట్టానో గుర్తులేదన్నాను.