నానోతీగ ఎంత వేడెక్కింది: పీక్ జరుగుదల చూడాలా, నిష్పత్తి చూడాలా?

సిలికాన్ నానోతీగ మీద లేజర్ వేసి రామన్ స్పెక్ట్రమ్ (చెదిరిన కాంతి శక్తి ఎంత మారిందో చూపే గీత) తీస్తూ, తీగ గది ఉష్ణోగ్రతలోనే ఉందనుకుంటాం. ఉండదు. మామూలు సిలికాన్ ఉష్ణవాహకత మీటర్-కెల్విన్‌కు 148 వాట్లకు అటూ ఇటూ ఉంటే, 22 నానోమీటర్ల తీగలో అది 10 లోపే. పడ్డ వేడి పోయే దారి ఇరుకు.

ఎంత వేడెక్కిందో పీక్ జరుగుదలతో పట్టుకోవడం సులువు. 520 వేవ్‌నంబర్ల (ఆ మార్పును కొలిచే ప్రమాణం) దగ్గరుండే సిలికాన్ పీక్, 100 డిగ్రీలు పెరిగితే సుమారు 2 వేవ్‌నంబర్లు కిందికి జారుతుంది. సిగ్నల్ పుష్కలం. చిక్కల్లా, సన్నటి తీగలో ఫోనాన్ల (స్ఫటికంలోని అణు కంపనాల) బందీతనం వల్లా, తీగ సాగి ఉన్నా అదే జారుడు కనిపిస్తుంది. పీక్ ఒకవైపు సాగితే చాలు, అది క్వాంటమ్ ప్రభావమని, అంటే ఈ బందీతనమేనని రాసేసిన రోజులున్నాయి. లేజర్ పవర్ తగ్గించి చూస్తే అందులో చాలా భాగం వట్టి వేడే!

రెండో దారి యాంటీ-స్టోక్స్ (తీగ నుంచి శక్తి తీసుకుని చెదిరిన కాంతి), స్టోక్స్ (తీగకు శక్తి ఇచ్చి చెదిరిన కాంతి) తీవ్రతల నిష్పత్తి. దీనికి తీగ సాగుడుతో పేచీ అంతగా లేదు. కానీ గది ఉష్ణోగ్రత వద్ద యాంటీ-స్టోక్స్ స్టోక్స్‌లో సుమారు పదో వంతే. సిగ్నల్ కోసం పవర్ పెంచితే తీగ ఇంకా కాగుతుంది. పైగా రెండు తరంగదైర్ఘ్యాల దగ్గరా డిటెక్టర్ స్పందన సరిచూడాలి, తీగలో కాంతి అనునాదం (కొన్ని తరంగదైర్ఘ్యాల కాంతి తీగలో మరింత బలపడడం) తేడానూ లెక్కేయాలి.

నా ఓటు పీక్ జరుగుదలకే, అదీ ఒక్క కొలతతో కాదు. నాలుగైదు పవర్ల దగ్గర తీసి, గీతను సున్నా పవర్ దాకా పొడిగించాలి. అక్కడా మిగిలిన జారుడే బందీతనానిదో, సాగుడుదో.