ఆధ్వర్యం, సౌజన్యం, ప్రాయోజకత్వం: ఏ మాట ఎక్కడ మేలు?

ఆహ్వానపత్రిక మీద "ఫలానా సంఘం ఆధ్వర్యంలో, ఫలానా సంస్థ సౌజన్యంతో, ఫలానావారి సహకారంతో" అని మూడూ వరసగా అచ్చువేస్తుంటారు. డబ్బు ఎవరిదో, చాకిరి ఎవరిదో చదివినవాళ్లకు అంతుపట్టదు. ఈ మాటలు ఒకదానికొకటి బదులు కావు. ఇచ్చేవారు నిజంగా ఏం ఇస్తున్నారో చూసుకుని మాట ఎంచుకోవాలి.

ఆధ్వర్యం యాగశాల నుంచి వచ్చిన మాట. నేల కొలిచి, వేదిక కట్టి, పాత్రలు సిద్ధంచేసే యజుర్వేద ఋత్విజుడు అధ్వర్యుడు. ఖర్చు పెట్టుకునేవాడు యజమాని. అంటే ఆధ్వర్యం పనిచేసేవారిది, డబ్బు పెట్టేవారిది కాదు. హాలు మాట్లాడి, వక్తలను పిలిచి, కుర్చీలు వేయించిన సంఘానికే ఈ మాట చెల్లుతుంది. చెక్కు మాత్రమే ఇచ్చిన కంపెనీ పేరు పక్కన పెడితే తప్పు.

సౌజన్యం సుజనుడి గుణం, మంచితనం. ఫొటో వాడుకోనిచ్చినా, హాలు ఉచితంగా ఇచ్చినా "సౌజన్యంతో" బాగుంటుంది. బ్యానర్ మీద తమ లోగో వేయించుకోవడానికి డబ్బు కట్టినవారిది సౌజన్యం కాదు, అది బేరం. దాన్ని మంచితనంగా చూపితే చదివేవారిని పొరబాటు పట్టించినట్టే.

ఆ బేరానికి సరైన మాట ప్రాయోజకత్వమా, స్పాన్సర్‌షిప్పా? ప్రాయోజిత కార్యక్రమం అన్నది ఆకాశవాణి, దూరదర్శన్ ద్వారా హిందీ వాడుక నుంచి మన చెవిన పడింది. చిక్కంతా ఒక్క దీర్ఘంలో ఉంది. అచ్చులో "ప్రా" కాస్తా "ప్ర" అయితే ప్రాయోజకుడు ప్రయోజకుడవుతాడు. "వాళ్లబ్బాయి ప్రయోజకుడయ్యాడు" అని మనం రోజూ అనుకునే మాటకూ దీనికీ పొత్తు లేదు. అందుకే మామూలు పత్రికలకు, పోస్టర్లకు స్పాన్సర్ అనడమే మేలని మా అభిప్రాయం. అందరికీ తెలుస్తుంది, దీర్ఘం పోయే భయం లేదు. అయితే "స్పాన్సర్ చేయబడిన కార్యక్రమం" అని మాత్రం రాయకండి. "ఖర్చు ఫలానావారిది" అంటే సరిపోతుంది.

పోషకుడు వేరే కోవలోకి వస్తాడు. కుటుంబ పోషణ అన్నప్పుడు ఏళ్ల తరబడి భారం మోయడం గుర్తొస్తుంది. ఏటా ఆదుకునేవారు పోషకులు. ఒక్కసారి విరాళమిచ్చినవారు దాతలు. మహారాజపోషకులు, రాజపోషకులు అని సభలవాళ్లు మెట్లు కట్టింది చందా మొత్తాన్ని బట్టి.

పుస్తకాల దగ్గర జరిగే తప్పు ఇంకొకటి: అచ్చు ఖర్చు పెట్టినవారిని కృతిభర్త అనేస్తుంటారు. కృతికర్త రాసినవాడు, కృతిభర్త అంకితం పుచ్చుకున్నవాడు. పెద్దన మనుచరిత్రకు శ్రీకృష్ణదేవరాయలు కృతిభర్త, ఆయనే పోషకుడు కూడా. పోతన భాగవతం శ్రీరాముడికి అంకితం; అక్కడ కృతిభర్త దేవుడు, పోషణ మాటే లేదు. కాబట్టి ముద్రణ ఖర్చు ఇచ్చినవారికి "ముద్రణ దాత" అని స్పష్టంగా వేయండి.

కాపాడటం గురించైతే మూడు మాటలు తరచూ కలగాపులగం అవుతాయి. ముంచుకొచ్చే ప్రమాదం నుంచి రక్షణ, రోజూ చూసుకోవలసినవాళ్లకు సంరక్షణ, అంతరించిపోకుండా నిలుపుకోవలసినవాటికి పరిరక్షణ. అందుకే దేశ రక్షణ, పిల్లల సంరక్షణ, భాషా పరిరక్షణ. "పిల్లల పరిరక్షణ" అంటే వాళ్లేదో అంతరించిపోయే జాతి అన్నట్టు వినిపిస్తుంది.

అండ, వెన్నుదన్ను మంచికి చెప్పేవి. ప్రాపకంలో పలుకుబడి కోసం పాకులాడిన వాసన ఉంటుంది; కొమ్ముకాయడం తిట్టే. అభినందన పత్రంలో "మీ ప్రాపకంలో ఎదిగాం" అని రాస్తే పొగిడినట్టుండదు, "మీ అండతో" అనండి. ఆశ్రయంలో దిక్కు తారుమారవుతుంది: ఇచ్చేవాడు ఆశ్రయమిస్తాడు, కోరేవాడు ఆశ్రయిస్తాడు. "సంస్థ అనాథలను ఆశ్రయించింది" అని రాస్తే సంస్థే దిక్కులేనిదవుతుంది.

హామీకీ పూచీకీ తేడా సంతకం దగ్గర తెలుస్తుంది. "సాయం చేస్తాం" అని మాటిచ్చినా హామీయే. పూచీ పడ్డారంటే మాత్రం అవతలివాడు కట్టకపోతే తామే కట్టాలి. ఒకరి అప్పుకు జవాబుదారీ ఎవరో చెప్పే కాగితంలో "హామీ ఇస్తున్నాను" దగ్గర ఆగకుండా, "చెల్లించకపోతే నాదే పూచీ" అని మొత్తం, గడువు అంకెల్లో రాయించుకోండి.